డాలస్‌లో 4, 5, 8, 11: ఏ లోకల్ చానల్ దేనికి పనికొస్తుంది

"అన్నా, ఫ్రిస్కోలో ఇల్లు తీసుకున్నాం. ఇంటర్నెట్ వచ్చేసింది. టీవీకి ఏం పెట్టించుకోవాలి? పాకేజీలో లోకల్ చానల్స్ అని ఏదో ఉంది, అవి మనకి అవసరమా?" డాలస్ చుట్టుపక్కలకి కొత్తగా వచ్చినవాళ్లు నెలకి ఒక్కరైనా నన్ను ఇలా అడుగుతుంటారు. తెలుగు చానళ్లకి యప్‌టీవీ లాంటి యాప్ ఉంది, ఐపీఎల్‌కి విల్లో ఉంది, సినిమాలకి ఓటీటీలున్నాయి. నంబర్లు తగిలించుకున్న ఈ అమెరికా చానళ్లతో మనకేం పని అన్నది వాళ్ల అసలు ప్రశ్న.

పనుంది. ఏడాదిలో చాలా రోజులు వాటి గురించి ఆలోచించకపోయినా నడిచిపోతుంది. వసంతకాలంలో ఓ సాయంత్రం ఆకాశం ఆకుపచ్చగా మారి టోర్నడో సైరన్ మోగితే మాత్రం, మన వీధి పేరు చెప్పి "ఇప్పుడే లోపలికి వెళ్లండి" అనేది ఈ నాలుగైదు స్టేషన్లే. ఆ పని ఏ ఓటీటీ చెయ్యదు, మన హైదరాబాద్ చానల్ అసలే చెయ్యదు. ఇంకో మంచి మాట, వీటికి నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఏ చానల్ ఏమిటో చూద్దాం.

హాలు ఒకరిది, బొమ్మ ఒకరిది

మనకి ఈటీవీ అంటే ఈటీవీనే. శ్రీకాకుళంలో పెట్టినా అనంతపురంలో పెట్టినా అదే బొమ్మ. అమెరికాలో అలా కాదు. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ అనేవి నెట్‌వర్కులు. వాటి కార్యక్రమాలు ఊరూరా ఉన్న స్థానిక స్టేషన్ల ద్వారా జనానికి చేరతాయి. సినిమా హాళ్ల వ్యవహారం తెలిసినవాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. హాలు ఒకాయనది, బొమ్మ డిస్ట్రిబ్యూటర్‌ది. ఒప్పందం ఉన్నన్నాళ్లు ఆ హాల్లో ఆ సంస్థ బొమ్మలే ఆడతాయి. అలాంటి ఒప్పందం ఉన్న స్టేషన్‌ని అఫిలియేట్ అంటారు. కొన్ని ఊళ్లలో నిర్మాతే హాలు కొనేసుకున్నట్టు, నెట్‌వర్కే స్టేషన్‌ని సొంతం చేసుకుంటుంది.

డాలస్–ఫోర్ట్‌వర్త్ అమెరికాలోని అయిదు అతిపెద్ద టీవీ మార్కెట్లలో ఒకటి. అందుకే ఇక్కడ చాలా హాళ్లు నిర్మాతలవే. 4వ నంబరు కేడీఎఫ్‌డబ్ల్యూ ఫాక్స్ సొంతం. 5వ నంబరు కేఎక్స్‌ఏఎస్ ఎన్‌బీసీది, 11వ నంబరు కేటీవీటీ సీబీఎస్‌ది. పెద్ద నాలుగింటిలో 8వ నంబరు డబ్ల్యూఎఫ్‌ఏఏ ఒక్కటే వేరే దారి. బొమ్మ ఏబీసీది, హాలు 2025 నాటికి టెగ్నా అనే కంపెనీది. ఆ టెగ్నాను 620 కోట్ల డాలర్లకు కొంటామని 2025 ఆగస్టులో నెక్స్‌స్టార్ ప్రకటించింది. నెక్స్‌స్టార్ ప్రధాన కార్యాలయం ఎక్కడో కాదు, మనవాళ్లు కిటకిటలాడే ఇర్వింగ్‌లోనే ఉంది. 33వ నంబరు కేడీఏఎఫ్ ఆ కంపెనీదే, అందులో సీడబ్ల్యూ నెట్‌వర్క్ వస్తుంది.

హాలు ఎవరిదైతే మనకేంటి అనుకుంటారు. ఒక్కోసారి తేడా తెలుస్తుంది. 2025 సెప్టెంబరులో ఏబీసీ తన అర్ధరాత్రి కబుర్ల షో ఒకటి ఆపి, 23న మళ్లీ మొదలుపెట్టింది. నెక్స్‌స్టార్, సింక్లెయిర్ కంపెనీలు మాత్రం తమ ఏబీసీ స్టేషన్లలో 26 దాకా దాన్ని వెయ్యలేదు. బొమ్మ వచ్చింది, హాలు ఓనరు తెర లేపలేదు. దీనికంటే మన జేబుకి తగిలే తేడా ఇంకోటి ఉంది. స్టేషన్ యజమాని కోరితే, కేబుల్, శాటిలైట్ కంపెనీలు ఆయన అనుమతి తీసుకునే చానల్ చూపించాలని 1992లో వచ్చిన చట్టం చెబుతుంది. ఆ అనుమతికి యజమాని డబ్బు అడుగుతాడు. బేరం తెగకపోతే చానల్ మాయం. 2023 నవంబరు చివరి నుంచి 2024 జనవరి సగం దాకా టెగ్నా స్టేషన్లు డైరెక్‌టీవీ అనే శాటిలైట్ కంపెనీలో రాలేదు. ఆ వ్యవహారంలో మన 8వ నంబరూ పోయింది. బిల్లు కడుతున్నవాళ్లకి రాలేదు కానీ, ఇంటి మీద యాంటెనా ఉన్నవాళ్లకి రోజూ వస్తూనే ఉంది.

నంబర్లు కూడా శాశ్వతం కావు. 1949లో మొదలైన 4వ నంబరు దశాబ్దాలపాటు సీబీఎస్ హాలు. 1993 డిసెంబరులో ఫాక్స్ నాలుగేళ్లకి 158 కోట్ల డాలర్లు కుమ్మరించి, అమెరికావాళ్ల ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక సగం మ్యాచ్‌ల హక్కులు సీబీఎస్ చేతిలోంచి లాక్కుంది. ఈ ఊరి జట్టు డాలస్ కౌబాయ్స్ ఆ సగంలోనే ఉన్నారు. ఆట దొరికింది, ఆడించడానికి మంచి హాళ్లు కావాలి. 1994 మేలో న్యూ వరల్డ్ అనే స్టేషన్ల కంపెనీతో ఫాక్స్ ఒప్పందం చేసుకుంది. దాని ఫలితంగా 1995 జులైలో 4వ నంబరు ఫాక్స్ అయింది. సీబీఎస్ సామాను సర్దుకుని, అప్పటిదాకా ఏ నెట్‌వర్కూ లేని 11కి వెళ్లింది. అంతకుముందు ఫాక్స్ ఉన్న 33 ఖాళీ అయింది. పాతకాపు టెక్సాస్ పెద్దాయన ఎవరైనా "చానల్ 4 అంటే సీబీఎస్ కదా" అంటే నవ్వకండి, ఆయన 1995కి ముందు మనిషి.

ఇంతకీ ఏది చూడాలి

నెట్‌వర్క్ పేరు చూసి ఎంచుకోకండి, ఇది నా మొదటి సలహా. నెట్‌వర్క్ ఇచ్చేది రాత్రి సీరియళ్లు, జాతీయ వార్తలు, ఆటలు. ఊరి వార్తలు, వాతావరణం అన్నీ స్టేషన్ సొంత మనుషుల పనే. సీరియళ్లు ఎలాగూ ఓటీటీలో దొరుకుతాయి కాబట్టి, స్టేషన్ మనుషుల్ని చూసి ఎంచుకోవాలి.

వాతావరణానికి, ఊరి రాజకీయాలకి నా ఓటు 8కి. లోతుగా తవ్వే రిపోర్టింగ్‌కి పాతకాలం నుంచీ దానికి పేరుంది. 1963 నవంబరు 22న కెనడీ మీద కాల్పులు జరిగిన కాసేపటికే, ఆ దృశ్యాన్ని చిన్న కెమెరాతో తీసిన జాప్రూడర్ వచ్చి మాట్లాడింది ఈ స్టేషన్ స్టూడియోలోనే. అమెరికాలో మిసిసిపీ నదికి పడమరనున్న స్టేషన్ల పేర్లు సాధారణంగా 'కే'తో మొదలవుతాయి. ఆ సరిహద్దు గీయకముందే, 1922లో, రేడియోగా పుట్టింది కాబట్టి దీనికి 'డబ్ల్యూ' మిగిలిపోయింది.

పొద్దున్నే ఆఫీసుకి, బడికి బయల్దేరే ఇంట్లో అయితే 4 పెట్టుకోవాలి. ఇది కేవలం నెట్‌వర్క్ తేడా వల్ల వచ్చిన లాభం. ఏబీసీ, ఎన్‌బీసీ, సీబీఎస్‌లకి ఏడింటికల్లా న్యూయార్క్ నుంచి జాతీయ మార్నింగ్ షో మొదలైపోతుంది. మీకు కావాల్సింది 121 హైవే మీద ట్రాఫిక్, వాళ్లు చెప్పేది న్యూయార్క్‌లో వంటల సంగతి. ఫాక్స్ నెట్‌వర్క్‌కి అలాంటి షో లేదు కాబట్టి 4వ నంబరు తెల్లవారుజాము నుంచి పది దాకా ఊరి వార్తలే చెబుతుంది. రాత్రి కూడా అంతే. మిగతా మూడు నెట్‌వర్కుల కార్యక్రమాలు పదింటి దాకా నడుస్తాయి, ఫాక్స్‌వి తొమ్మిదికే అయిపోతాయి. పిల్లల్ని పడుకోబెట్టి పదింటి వార్తల కోసం కళ్లు తెరుచుకుని కూర్చోలేనివాళ్లకి 4లో తొమ్మిదింటికే వార్తలున్నాయి.

5వ నంబరు టెక్సాస్‌లో మొట్టమొదటి టీవీ స్టేషన్. 1948లో ఫోర్ట్‌వర్త్‌లో డబ్ల్యూబీఏపీ పేరుతో మొదలైంది. హెరాల్డ్ టాఫ్ట్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1949 నుంచి 1991 దాకా అక్కడే వాన కబురు చెప్పాడు. ఇప్పటికీ ఫోర్ట్‌వర్త్, ఆర్లింగ్టన్ వైపు ఉండేవాళ్లు 5నే ఎక్కువ ఇష్టపడటం నేను చూశాను. కెల్లర్, సౌత్‌లేక్ వైపు ఇల్లయితే నేనూ దాన్నే చెప్తాను. 11 గురించి పెద్దగా చెప్పడానికి లేదు. చెడ్డదేం కాదు, 'సీబీఎస్ న్యూస్ టెక్సాస్' పేరుతో ఇంటర్నెట్‌లో రోజంతా ఉచితంగా నడుస్తుంది. కానీ మిగతా మూడూ ఉండగా దాని దగ్గరికి ప్రత్యేకంగా వెళ్లాల్సిన కారణం నాకు కనపడలేదు.

చిన్నపిల్లలున్న ఇంటికి మాత్రం వీటన్నిటికన్నా ముందు 13. దాని పేరు కెరా, ఇది ప్రభుత్వ చానల్ అని మనవాళ్లు అనుకుంటారు కానీ కాదు. విరాళాలతో నడిచే ఇక్కడి సంస్థ, పీబీఎస్ అనే లాభాపేక్ష లేని నెట్‌వర్క్ కార్యక్రమాలు వేస్తుంది. దానితోపాటే వచ్చే ఉపచానల్ 13.2లో రోజంతా పిల్లల కార్యక్రమాలే. మధ్యలో బొమ్మల ప్రకటనలు, చాక్లెట్ల ప్రకటనలు ఉండవు. మా వాడికి ఇంగ్లీషు ఉచ్చారణ మా ఇద్దరి దగ్గరకంటే అక్కడే ఎక్కువ వచ్చింది.

23, 39 స్పానిష్ చానళ్లు, యూనివిజన్, టెలిముండో. భాష రాకపోయినా ఫుట్‌బాల్, అంటే మన ఫుట్‌బాల్, చూడ్డానికి 39 బాగుంటుంది. గోల్ పడితే ఆ కామెంటేటర్ అరుపుకి భాష అక్కర్లేదు. ఆర్లింగ్టన్‌కి 9 మ్యాచ్‌లు దక్కిన 2026 ప్రపంచకప్ హక్కులు ఇంగ్లీషులో ఫాక్స్‌వి, స్పానిష్‌లో టెలిముండోవి. బాస్కెట్‌బాల్ ఇష్టమైతే 29 గుర్తుపెట్టుకోండి. టెగ్నా ఆ స్టేషన్‌ని తీసుకుని కేఎఫ్‌ఏఏ అని పేరు మార్చి, 2024 నుంచి మావెరిక్స్ మ్యాచ్‌లు ఉచితంగా గాల్లోకి వదిలింది. కౌబాయ్స్ మ్యాచ్‌లు ఎక్కువగా 4లో, ఆదివారం రాత్రివి 5లో వస్తాయి. థాంక్స్‌గివింగ్ మధ్యాహ్నం మ్యాచ్ సాధారణంగా ఒక ఏడాది 4లో, ఒక ఏడాది 11లో. కేబుల్ చానల్‌కో యాప్‌కో అమ్మిన మ్యాచ్‌ని కూడా ఆ జట్టు సొంత ఊళ్లో ఏదో ఒక లోకల్ స్టేషన్‌లో వెయ్యాలన్నది లీగ్ నియమం. ఆఫీసులో సోమవారం మాట కలపడానికైనా స్కోరు తెలియాలి కదా.

2019 అక్టోబరు 20 రాత్రి

ఆ ఆదివారం రాత్రి ఆర్లింగ్టన్‌లో కౌబాయ్స్‌కి, ఫిలడెల్ఫియాకి మ్యాచ్. 5లో లైవ్. ఊరంతా అదే చూస్తోంది. తొమ్మిదికి కాస్త ముందు ఉత్తర డాలస్‌లో టోర్నడో దిగింది. ప్రెస్టన్ హాలో మీదుగా రిచర్డ్‌సన్ దాకా ఇళ్లు, బళ్లు, దుకాణాలు చీల్చుకుంటూ పోయింది. 0 నుంచి 5 దాకా ఉండే టోర్నడో కొలతలో తీవ్రత ఈఎఫ్-3. అంత జరిగినా ఒక్క ప్రాణం పోకపోవడం అదృష్టమే.

టోర్నడో వార్నింగ్ వచ్చిన వెంటనే ఆట ఆపి ఆ మాట చెప్పాల్సిన 5వ నంబరు, ఆరు నిమిషాలు ఆలస్యం చేసింది. తప్పు మాదేనని, ప్రతి సెకనూ ముఖ్యమేనని స్టేషన్ తర్వాత బహిరంగంగా ఒప్పుకుంది. ఒప్పుకోవడం గౌరవమే. ఆట ఆపితే వేలమంది ఫోన్ చేసి తిడతారు, ఆపకపోతే ఇంత జరుగుతుంది. ఆ ఒత్తిడి ఏ స్టేషన్‌కైనా ఉంటుంది.

అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మబ్బు పట్టిన రాత్రి పెద్ద మ్యాచ్ ఏ చానల్లో ఉందో చూసుకుని, వాతావరణానికి దాన్ని వదిలి ఇంకోటి చూస్తాం. ఆట 5లో అయితే 8, ఆట 8లో అయితే 4. నెట్‌వర్క్ ఒప్పందాల గురించి ఇంత సోది చెప్పింది ఇందుకే. ఏ నెట్‌వర్క్ దగ్గర ఏ ఆట ఉందో తెలిస్తే, ఆ రాత్రి ఏ స్టేషన్ చేతులు ఖాళీగా ఉంటాయో తెలుస్తుంది.

ఎలా తెచ్చుకోవాలి

నాలుగు దారులున్నాయి. కేబుల్, శాటిలైట్ గురించి ఒక్క మాట: బిల్లులో 'బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు' అన్న గీత వెతకండి. గాల్లో ఉచితంగా వచ్చేదానికి మీరు కడుతున్న సొమ్ము అది. మా పాత కంపెనీవాడు మొదటి ఏడాది ఒక రేటు చెప్పి, రెండో ఏడాది ఈ గీతనే పెంచాడు. ఫోన్ చేస్తే "అది మా చేతుల్లో లేదండీ" అన్నారు. మానేశాను. రెండోది యూట్యూబ్ టీవీ లాంటి లైవ్ పాకేజీ. 2025లో దానికి నెలకి 82.99 డాలర్లు ఉండేది. ఇంట్లో ఆటల పిచ్చి బాగా ఉంటే తప్ప నేను వద్దనే అంటాను. మూడోది విడివిడి యాప్‌లు. ఒక్క ఫాక్స్ కోసం ఫాక్స్ వన్ 2025 ఆగస్టులో 19.99 డాలర్లతో మొదలైంది. ఎన్‌బీసీకి పీకాక్‌లో, సీబీఎస్‌కి పారమౌంట్ ప్లస్‌లో ఖరీదైన ప్లాను తీసుకుంటే లోకల్ స్టేషన్ లైవ్ వస్తుంది. అన్నీ కూడితే మళ్లీ కేబుల్ బిల్లే. కేవలం వార్తలు చాలనుకుంటే 4, 5, 8, 11 నాలుగింటికీ ఉచిత స్ట్రీమింగ్ ఉంది. కానీ తుపానులో ముందు పోయేది ఇంటర్నెట్టే.

నాలుగోది యాంటెనా. ఒక్కసారి ఖర్చు, నెలవారీ సున్నా. నేను ఇదే చెప్తాను, కాకపోతే ఫ్రిస్కోలో దీనికి కాస్త చాకచక్యం కావాలి. ఈ ప్రాంతంలో ముఖ్యమైన స్టేషన్ల టవర్లన్నీ డాలస్‌కి నైరుతిలో సీడర్‌హిల్ గుట్టల మీద ఉన్నాయి. ఇర్వింగ్ నుంచి 20 మైళ్ల లోపే, కాబట్టి అక్కడి అపార్ట్‌మెంట్‌లో ఏది తగిలించినా వస్తుంది. ఫ్రిస్కో నుంచి దాదాపు 40 మైళ్లు.

నేను మొదట కాగితంలా పల్చగా ఉండే యాంటెనా కొని, టీవీ పక్కన ఉన్న ఉత్తరం కిటికీకి అంటించాను. స్కాన్ చేస్తే స్పానిష్ చానళ్లు, ప్రవచనాల చానళ్లు తప్ప ఏమీ లేవు. అప్పుడు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్న మామయ్యగారు రంగంలోకి దిగారు. దూరదర్శన్ రోజుల్లో డాబా ఎక్కి యాంటెనా తిప్పిన చెయ్యి ఆయనది. "టవరు ఎటుందో తెలుసుకోకుండా ఎలా పెట్టావ్ నాయనా?" అని ఫోన్‌లో దిక్సూచి చూసి, మేడ మీద దక్షిణం గదికి పట్టుకెళ్లారు. నేను కింద టీవీ దగ్గర. "వచ్చిందా?" "రాలేదండీ!" "ఇప్పుడో?" "4 వచ్చింది, 5 వచ్చింది!" 8 మాత్రం గళ్లుగళ్లుగా పగిలిపోతూ వచ్చింది.

దానికి కారణం తర్వాత తెలిసింది. ఈ ఊళ్లో మిగతా పెద్ద స్టేషన్లు యూహెచ్‌ఎఫ్ తరంగాల మీద వస్తుంటే, 8 ఇంకా వీహెచ్‌ఎఫ్ మీదే ఉంది. ఆ తరంగం పొడవు ఎక్కువ, పల్చటి చిన్న యాంటెనాలకి సరిగ్గా చిక్కదు. డబ్బా మీద '60 మైళ్లు' అని ఎంత పెద్దక్షరాలతో రాసినా నమ్మకండి, వీహెచ్‌ఎఫ్ పట్టుకుంటుందా లేదా అని చూడండి. లాగితే పొడుగయ్యే రెండు కొమ్ములున్న పాతకాలం మోడల్ తేగానే 8 అద్దంలా వచ్చింది. మామయ్యగారు "చూశావా, కొమ్ములు ఊరికే పెట్టలేదు" అన్నారు.

అటకలో పెట్టాలనుకుంటే ముందు పైకప్పు లోపలివైపు చూడండి. ఎండ వేడి ఆపడానికి టెక్సాస్ కొత్త ఇళ్లలో వెండిరంగు రేకు అతికించిన చెక్కలు వేస్తారు. అవి తరంగాన్ని కూడా ఆపేస్తాయి. ఇక బయట పెడితే హెచ్‌ఓఏవాళ్లు, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘంవాళ్లు, ఊరుకోరేమో అని టెన్షన్ పడక్కర్లేదు. సొంత ఇంటి మీద, లేదా మీరొక్కరే వాడుకునే బాల్కనీలో టీవీ యాంటెనా పెట్టుకోవడాన్ని నిషేధించకూడదని ఫెడరల్ నిబంధన ఉంది. ఉత్తరం వస్తే ఆ మాటే మర్యాదగా తిరిగి రాయండి. అప్పుడప్పుడు చానళ్లు రీస్కాన్ చెయ్యడం కూడా మర్చిపోకండి, స్టేషన్లు తరంగం మార్చుకుంటుంటాయి.

కరెంటు పోతే ఇవేవీ పనిచెయ్యవు. బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి మెట్ల కింద పెట్టుకోండి.

ఇండియా నుంచి వచ్చి, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కోసం ఒకటి చెప్పాలి. డాలస్‌లో ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం 12కి సైరన్ పరీక్షిస్తారు. అది ముందే చెప్పకపోతే వాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. ఇంకా ముఖ్యం, మనది ఏ కౌంటీయో (మన జిల్లా లాంటిది) నేర్పండి. తుపాను వేళ తెర కింద పాకే అక్షరాల్లో ఊరి పేరుకంటే ముందు కౌంటీ పేరు వస్తుంది. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. మాది డెంటన్ వైపు. మా అత్తయ్యగారు క్యాలెండర్ కాగితం చింపి, దాని మీద "డెంటన్" అని గుండ్రటి తెలుగు అక్షరాలతో రాసి టీవీ కింద అతికించారు. తెర మీద వచ్చేది ఇంగ్లీషులో కదండీ అంటే, పెన్ను నా చేతికిచ్చి "అయితే కింద నువ్వు రాయి నాయనా" అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది.